మీ ఊరి ఓట్లు ఎందుకు మారాయో ఓటర్ల లిస్టులోంచి చదవడం ఎలా

ఎన్నికలయ్యాక మా ఊళ్ళో టీ బడ్డీ దగ్గర ఓ నెల్రోజులు ఒకటే వాదన నడుస్తదండి, ఫలానా పేట మొత్తం అటు గుద్దేసింది, ఫలానా కులం చీలిపోయింది, కుర్రాళ్ళంతా ఇటొచ్చేశారు అని. ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. 2019లో ఏజెంటుగా కూర్చుని సాయంత్రానికల్లా మా బూత్‌లో మాకెంత మెజారిటీయో అట్టముక్క మీద రాసి మరీ పందెం కట్టాను, కౌంటింగ్ రోజున రెండు బస్తాల బియ్యం పోయినయ్. మా ఆవిడ ఇప్పటికీ వడ్డించేటప్పుడు గుర్తుచేస్తది. అప్పట్నించీ నోటితో చెప్పడం మానేసి కాగితం ముందేసుకుని లెక్క కట్టడం నేర్చుకున్నాను, అదే ఇక్కడ రాస్తున్నాను. ఇది వచ్చే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పే విద్య కాదు. ఊళ్ళో మనుషులు మారడం వల్ల ఓటు మారిందా, లేక ఉన్న మనుషులే మనసు మార్చుకున్నారా, ఈ రెండూ విడదీసి చూడటం. అంతే.

కావాల్సినవి నాలుగు కాగితాలు. రెండు ఎన్నికల నాటి మీ ఊరి ఓటర్ల లిస్టులు, ఆ రెండు ఎన్నికల ఫారం 20లు. ఫారం 20 అంటే కౌంటింగ్ అయ్యాక రిటర్నింగ్ ఆఫీసరు తయారుచేసే షీటు, ఒక్కో పోలింగ్ స్టేషనుకి ఒక్కో వరస, ఏ అభ్యర్థికి ఎన్ని, నోటాకి ఎన్ని అని అంకెలుంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పీడీఎఫ్ పెడతారు. ఇప్పటి లిస్టు కూడా పార్ట్ నంబరు వారీగా (పార్ట్ అంటే ఒక్కో బూత్‌కి చెందిన లిస్టు ముక్క) అక్కడే దొరుకుద్ది, పాత లిస్టు మాత్రం అంత తేలిగ్గా దొరకదు, అప్పట్లో ఏజెంటుగా కూర్చున్నవాళ్ళని అడగండి, ఎవరో ఒకరి అటక మీద ఉండే ఉంటది, టిక్కులు పెట్టింది దొరికితే ఇంకా మంచిది ఎందుకంటే ఎవరొచ్చి వేశారో కూడా తెలిసిపోద్ది. ఒకటి గుర్తుంచుకోండి, పోస్టల్ బ్యాలెట్లు బూత్ వరసల్లో కలవవు, నియోజకవర్గం మొత్తానికి కలిపి అడుగున వేస్తారు. కాబట్టి మీ ఊళ్ళో టీచర్లు, ఎన్నికల డ్యూటీకి వెళ్ళినవాళ్ళు, 2024లో ఇంటి దగ్గరే ఓటేసిన 85 దాటిన పెద్దోళ్ళు, వీళ్ళ ఓట్లు మీ బూత్ లెక్కలో కనపడవు.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, మీరు చేయకండి. మొదటిసారి పాత ఫారం 20లో మా బూత్ నంబరు చూసి, కొత్తదాంట్లో అదే నంబరు చూసి, అమ్మో మూడొందల ఓట్లు తారుమారైపోయినయ్ అని పెద్దాళ్ళందరి ముందూ చెప్పేశాను. తీరా చూస్తే మధ్యలో బూత్‌లు విడగొట్టారు, నంబర్లు జరిగిపోయినయ్, నేను పోల్చింది కాలవకి అవతల ఉన్న వేరే ఊరి బూత్. ఓటర్లు ఎక్కువైపోతే బూత్‌ని రెండు చేస్తారు, పక్క పేటని దీంట్లో కలుపుతారు, కాబట్టి నంబరు నమ్మకండి. లిస్టు మొదటి పేజీలో ఈ పార్ట్‌లో ఏ ఏ వీధులు, ఏ పేటలు వస్తాయో సెక్షన్లుగా రాసి ఉంటది, అది రెండు లిస్టుల్లోనూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోండి. సరిపోకపోతే రెండు మూడు బూత్‌లు కలిపి ఊరు మొత్తాన్ని ఒకటిగా లెక్కేయండి, తప్పులేదు.

ఇళ్ళ స్థలాల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 2020 డిసెంబరు నించి ఊరి బయట లేఅవుట్లేసి పట్టాలిచ్చారు కదా, మన గోదావరి డెల్టాలో పల్లపు చేలు పూడ్చి మరీ వేశారు, ఇల్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళలో కొందరి ఓటు అక్కడికి మారింది, కొందరిది పాత పేటలోనే ఉండిపోయింది. ఊరు మారలేదు, మనుషులు మారలేదు, బూత్ మాత్రం మారింది. దాన్ని చూసి పాత పేటలో ఓట్లు తగ్గిపోయినయ్ అనుకుంటే మళ్ళీ బియ్యం పోతాయి.

సరే, లిస్టు ముందేసుకున్నారు. మొదట వయసు కాలమ్. పేర్లు చదవొద్దు, ముందు వయసులే చదవండి. నాలుగు గళ్ళు గీసుకోండి, 29 లోపు, 30 నించి 44, 45 నించి 59, 60 పైన. ఒక్కో పేరుకి ఒక్కో గీత. ఎక్సెల్ వచ్చిన పిల్లలుంటే వాళ్ళకివ్వండి గానీ, బొమ్మల్లాంటి పీడీఎఫ్‌లవి, చేత్తో గీతలు పెట్టుకోవడమే తొందరగా అవుద్ది, వెయ్యి పేర్లకి ఒక మధ్యాహ్నం పడతదంతే. పాత లిస్టుకీ అలాగే చేయండి. డెల్టా ఊళ్ళల్లో చాలాచోట్ల మీకు ఒకటే కనపడుద్ది, 60 పైన గడి లావెక్కుతా ఉంటది, 29 లోపు గడి బక్కచిక్కుతా ఉంటది.

ఎందుకో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2001 నించి 2011 మధ్య ఉమ్మడి పశ్చిమ గోదావరి జనాభా పదేళ్ళలో పెరిగింది 3.5 శాతమే, తూర్పు గోదావరి 5 శాతం చిల్లర, అదే పదేళ్ళలో ఉమ్మడి రాష్ట్రం 11 శాతం, దేశం 17 శాతం పైన పెరిగినయ్. అంటే పుట్టేవాళ్ళు తగ్గారు, ఉన్నవాళ్ళు పోయారు హైదరాబాదుకి, బెంగళూరుకి, అమెరికాకి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఒక తల్లికి సగటున 1.7 పిల్లలు. ఒకప్పుడు ఇద్దరికి మించి ఉంటే సర్పంచికి నిలబడకూడదనే రూలుండేది, 2024 నవంబరులో ఆ రూలే ఎత్తేశారు, కాలం ఎలా తిరిగిందో చూడండి.

జనం పెరగడం తగ్గితే ఓటు మారడం ఒక్కటే కాదు, సీట్లే తగ్గుతాయి. 2009 ఎన్నికలకి ముందు జరిగిన డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల పునర్విభజన, 2001 జనాభా లెక్కల మీద చేశారు, తూర్పుకి అసెంబ్లీ సీట్లు 21 ఉన్నయ్ 19 అయినయ్, పశ్చిమకి 16 ఉన్నయ్ 15 అయినయ్, పెనుగొండ, అత్తిలి నియోజకవర్గాలు మాయమైపోయినయ్. మళ్ళీ జనాభా లెక్కలయ్యాక ఇంకో డీలిమిటేషన్ ఉంది, అప్పుడెలాగుంటదో.

రెండోది ఆడ మగ కాలమ్. 2011 లెక్కల్లో పశ్చిమలో వెయ్యి మంది మగాళ్ళకి 1004 మంది ఆడాళ్ళు, తూర్పులో 1006. 2024లో రాష్ట్రం మొత్తం 4.14 కోట్ల ఓటర్లలో ఆడాళ్ళు మగాళ్ళకన్నా 7 లక్షలు ఎక్కువ. మీ లిస్టులో ఇది వయసుతో కలిపి చూడండి, అసలు కథ అక్కడే ఉంటది. 60 పైన గడిలో ఆడాళ్ళు బాగా ఎక్కువుంటారు, మొగుళ్ళు పోయి ఒంటరిగా ఉన్నవాళ్ళు, పింఛను ఒకటో తారీఖున వచ్చిందా లేదా అన్నది వీళ్ళకి ముఖ్యం. అందుకే ఏ పార్టీ మేనిఫెస్టో అయినా పింఛను అంకెతోనే మొదలవుద్ది, అది దయ కాదండి, ఈ గడి సైజు.

ఇక 25 నించి 45 మధ్య ఆడాళ్ళ దగ్గరికొస్తే కోనసీమ వాళ్ళు, నరసాపురం వైపు వాళ్ళు జాగ్రత్తగా చూడాలి. లిస్టులో పేరుంటది, మనిషి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనిలో ఉంటది. చట్టం ప్రకారం విదేశంలో ఉన్న భారతీయులు ఫారం 6ఏ పెట్టుకుని ఇక్కడ ఓటరుగా ఉండొచ్చు, కానీ ఓటేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని బూత్‌కి రావాల్సిందే, అక్కణ్ణించి వేసే వీల్లేదు. రెండేళ్ళకోసారి సెలవు దొరికే మనిషి ఎన్నిక కోసం వస్తదా? కాబట్టి ఆ పేర్లు లిస్టులో ఓట్లు, లెక్కలో సున్నాలు. ఆవిడ పంపే డబ్బుతో నడిచే ఇల్లు మాత్రం ఓటేస్తది, ఆ ఇంట్లో అత్తగారో మొగుడో ఎలా ఆలోచిస్తారన్నది ఫోన్లో ఆవిడ చెప్పే మాట మీద కూడా ఉంటది. ఇది ఏ ఫారంలోనూ దొరకదు.

పెళ్ళిళ్ళ వల్ల జరిగే మార్పు కూడా ఇదే కాలమ్‌లో ఉంటది. మన ఊరి ఆడపిల్ల వెళ్ళిపోద్ది, వేరే ఊరి కోడలొస్తది. ఐదేళ్ళలో లిస్టులో కొత్తగా చేరిన పేర్లు చూస్తే సగానికి దగ్గర ఇలాంటివే ఉన్నయ్ మా ఊళ్ళో. కొత్త ఓటర్లు అనగానే 18 నిండిన కుర్రాళ్ళు అనుకుని మాట్లాడేస్తారు టీ బడ్డీ పండితులు, కొత్త ఓటరు చాలాసార్లు పక్క మండలం నించి వచ్చిన కోడలండి. కుర్రాళ్ళేమో ఇంజనీరింగ్‌కి వెళ్ళి అక్కడే ఉండిపోయి ఎక్కడా నమోదు కాకుండా తిరుగుతా ఉంటారు, ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు, ఏడాదికి నాలుగుసార్లు అవకాశం ఉన్నా కూడా.

మూడోది, అన్నిటికన్నా కష్టమైంది, నాకైతే ఇష్టమైంది కూడా, ఇంటి నంబరు కాలమ్. లిస్టు తీసుకుని వీధిలో నడవండి. ఏ ఇంటికి తాళం ఉంది, ఏ ఇంట్లో తొమ్మిది ఓట్లుండి ఇద్దరు ముసలాళ్ళే ఉన్నారు, ఏ ఇల్లు కూలిపోయి కొబ్బరి మొక్కలేశారు, ఇవన్నీ పెన్సిల్‌తో రాసుకోండి. మూడు గుర్తులు చాలు, ఉ అంటే ఊళ్ళోనే ఉన్నాడు, బ అంటే బయట ఉన్నాడు, పో అంటే పోయాడు. ఎన్నికల వాళ్ళు కూడా ఇలాంటిదే చేస్తారు, ఏఎస్‌డీ లిస్టంటారు, ఇంట్లో లేనివాళ్ళు, మారిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అని బీఎల్‌వో (మన బూత్ లిస్టు చూసే బూత్ లెవెల్ ఆఫీసరు) రాసిచ్చి పోలింగ్ రోజు ప్రిసైడింగ్ ఆఫీసరు చేతిలో పెడతారు. మీ బూత్‌కి ఏజెంటుగా ఎవరు కూర్చున్నారో వాళ్ళనడిగితే ఆ లిస్టులో ఎంతమంది ఉన్నారో చెప్తారు. మా వీధి లిస్టులో మా మేనత్త పేరు ఇప్పటికీ ఉంది, ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆవిడ పేరు పక్కన నా చేత్తో పో అని రాస్తుంటే ఏదోలా అనిపించింది.

బ అని రాసినవాళ్ళు సున్నా అనుకోకండి, గల్ఫ్ వాళ్ళకీ హైదరాబాదు వాళ్ళకీ తేడా ఇదే. 2024లో పోలింగ్ మే 13, సోమవారం, ముందు రెండో శనివారం, ఆదివారం, మొత్తం మూడు రోజులు కలిసొచ్చినయ్, వేసవి సెలవులు కూడా. హైదరాబాద్ నించి వచ్చే బస్సుల్లో, రైళ్ళల్లో నించోడానికి చోటు లేదు, మావాళ్ళు కొందరు కార్లు మాట్లాడుకుని వచ్చారు. రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటేసింది. 2019లో ఏప్రిల్ 11, గురువారం. అప్పుడూ వచ్చారు గానీ సెలవు పెట్టుకుని రావాలి. అంటే పోలింగ్ తేదీ ఏ వారం పడిందన్నది కూడా డెల్టా ఊళ్ళో ఒక లెక్కే. కొంతమందికి అక్కడా ఓటు ఇక్కడా ఓటు ఉంటది, అది నేరం, రెండు చోట్ల నమోదు ఉండకూడదు, ఏదో ఒకటి తీయించుకోవాలి.

దీనికి తిరగేసిన బొమ్మ ఒకటుంది. ఊళ్ళో పడుకుంటారు, లిస్టులో ఉండరు. భీమవరం, ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల మీద కాపలావాళ్ళు, ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు, నాట్లకొచ్చే ముఠాలు, ఒడిశా నించి, బీహార్, బెంగాల్ నించి, ఉత్తరాంధ్ర నించి వస్తున్నారు. చెరువు గట్టు మీద పాకలో కుటుంబం మొత్తం ఉంటది, ఓటు మాత్రం సొంతూళ్ళో. వాళ్ళు ఇక్కడే స్థిరపడి ఫారం 8 పెట్టి మార్చుకుంటే ఎవరూ ఆపలేరు, కానీ రేషను, ఇల్లు, పంచాయితీ అన్నీ అక్కడున్నాయి కాబట్టి చాలామంది మార్చుకోరు. ఊరి రోడ్డు మీద జనం మారిపోయినా బూత్‌లో జనం మారకపోవడం అంటే ఇదే.

ఈ మాట మా బావమరిదితో అంటే వాడు వాళ్ళ దగ్గరా అంతే అన్నాడు. వాడుండేది అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఫోర్సైత్ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. ఆ పైన గెయిన్స్‌విల్ అని ఊరుంది, కోళ్ళ ప్లాంట్లు, మెక్సికో, మధ్య అమెరికా నించి వచ్చినవాళ్ళు పనిచేస్తారు, జనాభా లెక్కల్లో ఉంటారు, చాలామందికి పౌరసత్వం లేదు కాబట్టి ఓటు లేదు, వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టారు, 18 నిండితే ఓటొస్తది. అంటే జనాభా మారిన పదిహేను ఇరవై ఏళ్ళకి గానీ ఓటు మారదు. వాళ్ళ ఫోర్సైత్ సంగతైతే 2000లో లక్ష లోపు జనం, 2020కి రెండున్నర లక్షలు, అందులో ఆసియా వాళ్ళు 18 శాతం దాకా, మనవాళ్ళే బోలెడంతమంది. 2012లో రిపబ్లికన్ రోమ్నీకి 80 శాతం పడిన కౌంటీ 2020లో అదే పార్టీ ట్రంప్‌కి 66 శాతం దగ్గరికొచ్చింది. మనుషులు మారి ఓటు మారడం అంటే ఇది, అయినా గెలిచే పార్టీ మారలేదు చూశారా.

దీనికి పూర్తి ఉల్టా టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ. పల్లెటూళ్ళే, జనం 66 వేలు, నూటికి తొంభై పైన మెక్సికన్ మూలాల వాళ్ళే, అప్పుడూ వాళ్ళే ఇప్పుడూ వాళ్ళే. 2016లో డెమోక్రటిక్ పార్టీ హిల్లరీకి 79 శాతం, 2020లో అదే పార్టీ బైడెన్‌కి 52, 2024లో ట్రంప్ గెలిచాడు, వందేళ్ళ పైచిలుకు తర్వాత అక్కడ రిపబ్లికన్ గెలవడం. మనుషులు వాళ్ళే, మనసు మారింది. కాబట్టి ఫలానా జనం పెరిగితే ఫలానా పార్టీ అని లెక్కేసేవాళ్ళు అక్కడా బియ్యం బస్తాలు పోగొట్టుకున్నట్టే.

ఇంకో తేడా. జార్జియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల్లో ఓటరు నమోదు ఫారంలోనే నల్లవాళ్ళా తెల్లవాళ్ళా అని అడుగుతారంట, లిస్టులో ఉంటది. మన లిస్టులో కులం కాలమ్ లేదు. ఉండదు. మరి పార్టీల వాళ్ళ దగ్గర కులాల వారీ లెక్క ఎలాగొచ్చిందంటే ఇంటిపేరు చూసి, పేట చూసి ఎవరో ఒక లోకల్ లీడరు పెన్నుతో రాసిందే. మన గోదావరి జిల్లాల్లో ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండటం మీకు తెలియందేం కాదు. పైగా ఒక పేట బూత్‌లో ఓ పార్టీకి 70 శాతం వచ్చిందంటే ఆ పేటలో ఉన్న ఫలానా కులం వాళ్ళు 70 శాతం వేశారని కాదు, ఆ బూత్‌లో పక్క వీధి వాళ్ళు కూడా ఉన్నారు. ఇంటింటికీ వెళ్ళి చూడకుండా ఆ మాట అనకండి. ముఖ్యంగా మీ లెక్క కాగితాలు పేర్లతో సహా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, ఊళ్ళో గొడవలైపోతాయి, అంకెలు మాత్రమే చెప్పండి.

ఇప్పుడు అసలు లెక్క. ఊరికే అర్థం కావడానికి గుండు అంకెలు వేసుకుందాం, ఇవి ఏ ఊరివీ కాదు. పాత లిస్టులో 1000 ఓట్లు. పాత ఎన్నికలో ఒక పార్టీకి ఆ బూత్‌లో 60 మెజారిటీ. కొత్త ఎన్నికలో అదే పార్టీకి 40 మైనస్. అంటే 100 ఓట్ల తేడా. లిస్టులో పోయిన పేర్లు 90, కొత్తవి 150. కొత్తవాళ్ళలో 85 శాతం వచ్చి వేశారనుకుంటే 127 మంది, వాళ్ళు 60-40 గా ఎదుటి పార్టీకే వేశారనుకుందాం, తేడా 25 ఓట్లు. పోయినవాళ్ళలో పాత ఎన్నికలో 72 మంది వేసి ఉంటారు, వాళ్ళు 60-40 గా ఈ పార్టీవాళ్ళే అనుకుందాం, ఇంకో 14. ఇంత గట్టిగా అనుకున్నా మొత్తం 40 దాటలేదు. మిగతా 60 ఎక్కణ్ణించి వచ్చింది? పాతవాళ్ళే అటునించి ఇటు దూకారు. ఒక మనిషి దూకితే ఇక్కడ ఒకటి తగ్గి అక్కడ ఒకటి పెరుగుద్ది కాబట్టి తేడా రెండు, అంటే 30 మంది దూకితే చాలు 60 అయిపోద్ది. నేను ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు కాసేపు అలా కూర్చుండిపోయాను, ఎందుకంటే కొత్త కుర్రాళ్ళ వల్లే పోయిందని అప్పటిదాకా ఊరంతా నేనే ప్రచారం చేశాను.

పెద్ద అంకెలతో కూడా ఇదే తేలుద్ది. 2014లో ఉమ్మడి పశ్చిమ గోదావరి 15 సీట్లూ టీడీపీ, బీజేపీ కూటమివి. 2019లో 13 వైసీపీవి, పాలకొల్లు, ఉండి మాత్రం టీడీపీకి మిగిలినయ్. 2024లో మళ్ళీ 15కి 15 కూటమివి. పదేళ్ళలో జిల్లా జనమంతా రెండుసార్లు మారిపోలేదు కదండి. 2019లో జనసేన విడిగా పోటీ చేసింది, 2024లో కలిసి చేసింది, దూకినవాళ్ళు దూకారు. వరదొచ్చి వారంలో దిగిపోద్ది, అదే ఈ సీట్ల లెక్క. లంకల్లో ఏడాదికింత చొప్పున ఒండ్రు వేసి నేల ఎత్తు మారుస్తదే, అది వయసు కాలమ్, తాళం వేసిన ఇళ్ళు. దీన్నిబట్టి గెలుపోటములు చెప్పలేం గానీ, ఏ వీధికి ఎవరు ముందొస్తారు, ఏ హామీ ముందు పెడతారు, పంచాయితీ ఎన్నికల్లో నాలుగు ఓట్ల తేడాతో సర్పంచి ఎవరవుతారు, ఇవన్నీ దీని మీదే ఉంటాయి. వార్డు మెంబరు ఎన్నికలో వంద నూట యాభై ఓట్లుంటాయి, అక్కడ హైదరాబాదు నించి ఒక కారు వచ్చిందా లేదా అన్నదే ఫలితం.

లెక్క అయ్యాక ఇంకో చిన్న పని ఉంది. మీరు పో అని రాసిన పేర్లలో మీ ఇంటివాళ్ళవి ఉంటే పేరు తీయించడానికి ఫారం 7 మీరే పెట్టండి, బీఎల్‌వోకి ఇచ్చినా సరే, ఆన్‌లైన్లో అయినా సరే, డెత్ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. వేరేవాళ్ళ పేర్ల జోలికి వెళ్ళకండి, వాళ్ళ ఇంట్లో చెప్తే వాళ్ళే చూసుకుంటారు. మా మేనత్తది నేనింకా పెట్టలేదు, సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది. ఈ ఆదివారం మా ఇంటికొస్తానన్నాడు బీఎల్‌వో, ఆయనా మా మేనత్త చేతి పూతరేకులు తిన్నవాడే.